పెడన అద్దకం: ఒకే కాగులో పలు రంగులు

విజయవాడ నుండి కృష్ణా కాలువల వెంబడి తూర్పుగా సముద్రం వైపు పోతే మచిలీపట్నం, అనగా మన బందరు వస్తుంది. బందరుకు సుమారు 10 కిలోమీటర్ల దూరంలో, గుడివాడ రైలుమార్గం మీద పెడన అనే ఊరు ఉన్నది. 2011 జనాభా లెక్కలలో అక్కడి జనం ముప్పదివేల పైచిలుకు. పేరుకు పురపాలక సంఘమే కాని, ఊరు దాటితే నాలుగు దిక్కులా వరిచేలు, కాలువలు, తాటిచెట్లు కనిపిస్తవి. ఊరిలో మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. మరికొన్ని వీథులలో బల్లలమీద చెక్క అచ్చులు కొట్టే చప్పుడు వినిపిస్తుంది. లోకమంతటా "కలంకారి" అని పేరు పొందిన బందరు అద్దకం నేడు ముఖ్యంగా జరిగేది ఈ పెడనలోనే.

కలంకారి అనే మాట పారశీకం నుండి వచ్చింది. "కలం" అంటే రాసే కలమే. శ్రీకాళహస్తిలో ఈనాటికీ వెదురు కలంతో బొమ్మలు గీస్తారు. పెడనలో కలం స్థానాన్ని టేకు చెక్కమీద చెక్కిన అచ్చులు ఆక్రమించినవి. పేరులో కలం ఉన్నా పని అచ్చులదే.

ఆ అద్దకపు పాకలలో ఒకదానిలోకి పోయి చూద్దాం. పొయ్యిమీద పెద్ద రాగి కాగులో ఎర్రరంగు నీరు మరుగుతూ ఉంటుంది. పనివారు ఒక బట్టను అందులో వేసి కర్రలతో తిప్పుతారు. వేయకముందు ఆ బట్టమీద నల్లని గీతలు మాత్రం స్పష్టంగా ఉన్నవి. పువ్వులు ఉండవలసిన చోట ఏదో పలుచని మరక తప్ప రంగు లేదు. కొంతసేపటికి తీసి చూస్తే పువ్వులు చిక్కని ఎరుపు! గీతలు ఇంకా నల్లబడినవి. కొన్ని చోట్ల ముదురు గోధుమరంగు కూడ తేలింది. ఖాళీ నేల మాత్రం కాస్త గులాబీ చాయగా మిగిలింది.

కాగు ఒకటే, అందులోని రంగు ఒకటే. అయినా ఎరుపు ఎరుపుచోటికి, నలుపు నలుపుచోటికి చేరినవి. ఎక్కడ ఏ రంగు కావాలో ఆ నీటికి ఎవరు చెప్పారు? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే పెడన అద్దకపు రహస్యం సగం తెలిసినట్లే. మన పాఠశాలలో చెప్పుకునే రసాయనశాస్త్రంలో ఒక మంచి పాఠం కూడ తెలిసినట్లే.

అచ్చు వేసేది రంగు కాదు

జవాబు ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. పెడనలో ఎరుపుకోసం బట్టమీద అచ్చు వేసేది రంగును కాదు, రంగును పట్టి ఉంచే పదార్థాన్ని.

నూలుబట్ట సెల్యులోజ్‌తో తయారైనది. చెట్ల వేళ్ళనుండి, బెరళ్ళనుండి వచ్చే రంగులకు సెల్యులోజ్ మీద మక్కువ తక్కువ. వట్టి తెల్లబట్టను మంజిష్ఠ కషాయంలో ముంచితే కొద్దిగా రంగు అంటుతుంది. రెండు ఉతుకులకు పోతుంది. బట్టకు, రంగుకు నడుమ ఒక మధ్యవర్తి కావాలి. అది ఒక చేత్తో బట్టను, మరొక చేత్తో రంగును పట్టుకోవాలి. శాస్త్రంలో దీనిని మార్డెంట్ అంటారు. మనం వర్ణబంధకం అనవచ్చు. కొన్ని లోహాల లవణాలకు ఈ గుణం ఉన్నది. పెడనవారు వాడేవి ముఖ్యంగా రెండు: ఎరుపుకు పటిక, నలుపుకు ఇనుము.

కరక్కాయ, గేదెపాలు

మగ్గం నుండి వచ్చిన బట్టకు గంజి, జిడ్డు ఉంటవి. వాటిని పోగొట్టడానికి బట్టను పేడనీటిలో నానవేసి, ఉతికి, ఎండలో ఆరవేస్తారు. తరువాత కరక్కాయ పొడి కలిపిన నీటిలో గేదెపాలు పోసి, అందులో బట్టను ముంచి పిండి ఆరవేస్తారు. బట్ట లేత పసుపు చాయకు తిరుగుతుంది.

కరక్కాయ నోట వేసుకుంటే నాలుక పట్టివేస్తుంది. ఆ వగరుకు కారణం టానిన్లు. వగరు అంటే మరేమీ కాదు: టానిన్ మన నోటిలోని మాంసకృత్తులను పట్టుకొంటుంది. బట్టలో కూడ అది ఇటువంటి పనే చేస్తుంది. నూలు పోగును అంటిపెట్టుకొని, తరువాత వచ్చే లోహపు అయోనులను పట్టి నిలుపుతుంది.

మరి గేదెపాలు ఎందుకు? కరక్కాయ నీరు మాత్రమే పట్టించిన బట్టమీద అచ్చు వేస్తే, సిరా పీల్చుకునే కాగితంమీద రాసినట్లు గీత నలుదిక్కులా పాకుతుంది. పాలలోని వెన్న, మాంసకృత్తులు పోగులమీద పలుచని పొరగా ఏర్పడి ఆ పాకుడును ఆపుతవి. గేదెపాలలో వెన్న ఎక్కువ కాబట్టి ఆ పాలకే ప్రాధాన్యం. గీత సన్నగా, అంచు వాడిగా నిలవడానికి ఇదే కారణం.

పటిక, పాత ఇనుము

నలుపు తయారీ చూడడానికి సామాన్యంగా ఉంటుంది. పాత మేకులు, ఇనుప ముక్కలు, బెల్లం కుండలో వేసి నీరు పోసి రెండు మూడు వారాలు ఉంచుతారు. బెల్లం పులిసి ఆమ్లాలు పుడతవి. అందులో ముఖ్యమైనది వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం. ఆ ఆమ్లంలో ఇనుము కొద్దికొద్దిగా కరుగుతుంది. ఈ ఇనుపనీటిని వడగట్టి, జిగురు కలిపి అచ్చుకు అద్ది బట్టమీద వేస్తారు. వేసిన కొద్దిసేపటిలోనే గీత నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్, ఇనుము, గాలిలోని ఆక్సిజన్ మూడూ కలిసి చేసే పని అది. పూర్వం మన తాతలు కరక్కాయ, అన్నభేదితో తయారుచేసుకొన్న రాతసిరాకూ ఈ నలుపుకూ మూలం ఒకటే.

ఎర్రపువ్వుల చోట వేసేది పటికనీరు. పటిక అనగా పొటాషియమ్, అల్యూమినియమ్ సల్ఫేట్. దీనికి రంగు లేదు. ఎక్కడ అచ్చు పడినదో కంటికి తెలియడానికి పనివాడు అందులో ఉతికితే పోయే రంగు ఏదైనా కాస్త కలుపుకొంటాడు. ఇందాక మనం చూచిన పలుచని మరక అదే. పటిక, ఇనుపనీరు రెండూ కలిపి అద్దిన చోట గోధుమరంగు తేలుతుంది.

అచ్చు వేసిన బట్టను వెంటనే ఉడికించరు. కొన్ని రోజులు అట్లే ఉంచుతారు. ఈ విరామం వృథా కాదు. పటికలోని అల్యూమినియమ్ నెమ్మదిగా నీటిలో కరగని రూపానికి మారి, టానిన్‌తో కూడి పోగును పట్టుకోవడానికి ఆ వ్యవధి అవసరం. తొందరపడితే ఎరుపు పలుచబడుతుంది.

పారే నీరు ఎందుకు?

తరువాత మెట్టు ఉతుకు. ఇందుకు నిలువనీరు పనికిరాదు. పారే నీరు కావాలి. కారణం ఆలోచించండి. బట్టకు అంటిన పటికంతా పోగును పట్టదు. కొంత విడిగా మిగులుతుంది. తొట్టిలో ఉతికితే ఆ విడి పటిక నీటిలో కరిగి మళ్ళీ బట్టమీద ఖాళీ ఉన్నచోట చేరుతుంది. ఆ బట్టను కాగులో వేస్తే ఉండకూడనిచోట ఎరుపు తేలుతుంది. పారే కాలువలో బట్టను చాచి పట్టుకుంటే, విడి పటిక బట్టను మళ్ళీ తాకే వ్యవధి లేకుండా కొట్టుకొని పోతుంది.

అద్దకం ఈ డెల్టాలో వేళ్ళూనడానికి పారే మంచినీరు ఒక ముఖ్య కారణం. విజయవాడ వద్ద 1855లో ఆనకట్ట పూర్తియైనది. దాని స్థానంలో కట్టిన ప్రకాశం బ్యారేజి 1957 నుండి పనిచేస్తున్నది. అక్కడినుండి వచ్చే కాలువనీరే తూర్పు డెల్టా వరిచేలకు, తాగునీటి చెరువులకు, పెడన అద్దకానికి కూడ ఆధారం. వేసవిలో కాలువలు కట్టివేస్తే రైతుతోపాటు అద్దకంవాడు కూడ నీటికి తడుముకోవలసిందే.

రాగి కాగులో జరిగేది

ఇప్పుడు బట్ట కాగులోకి పోతుంది. ఎరుపు నిచ్చే ముఖ్య పదార్థం పేరు ఎలిజరిన్. దీని అణువులో 14 కార్బన్, 8 హైడ్రోజన్, 4 ఆక్సిజన్ పరమాణువులు ఉన్నవి. ఆ ఆక్సిజన్ పరమాణువులలో పక్కపక్కన ఉన్న రెండు, పీత తన రెండు కొండ్లతో పట్టినట్లు, లోహపు అయోనును పట్టుకొంటవి. అల్యూమినియమ్‌ను పట్టితే ఆ సంయోగపదార్థం ఎర్రగా ఉంటుంది. ఇనుమును పట్టితే ఊదారంగునుండి నలుపువరకు ఉంటుంది. లోహం మారితే, ఆ అణువు వెలుతురులో ఏ భాగాన్ని మింగుతుందో అది మారుతుంది. అందుచేత కంటికి కనిపించే రంగూ మారుతుంది. లోహం ఏమీ లేనిచోట ఎలిజరిన్‌కు పట్టు దొరకదు. కాబట్టి రంగుకు దారి చూపినది కాగు కాదు, ముందుగా వేసిన అచ్చు.

కాగు రాగిది కావడంలో కూడ అర్థం ఉన్నది. ఇనుప కాగులో ఉడికిస్తే దాని గోడలనుండి ఇనుము కొద్దిగా కరిగి ఎరుపును మసకబరుస్తుంది.

ఉడికిన తరువాత ఖాళీ నేలమీది గులాబీ చాయను పోగొట్టాలి. బట్టను పేడనీటిలో ముంచి, ఎండలో పరచి, ఆరకుండా నీరు చల్లుతూ ఉంటారు. ఎండ, తేమ, గాలి కలిసి విడిగా ఉన్న రంగును ఆక్సీకరణం చేసి చెరుపుతవి. లోహంతో ముడిపడిన రంగు మాత్రం ఆ దాడికి తట్టుకొంటుంది. ఏ రంగు నిలవాలో, ఏది పోవాలో ఎండే తేల్చిపెడుతుంది. పసుపురంగుకు కరకపువ్వు, దానిమ్మ తొక్క వంటివి తరువాత వేరుగా వాడతారు.

నీలం సంగతి వేరు. నీలిమందు నీటిలో కరగదు. దానికి మార్డెంట్ అక్కరలేదు. దానిని క్షయకరణం చేసి కరిగించి, అందులో బట్టను ముంచి పైకి తీస్తే గాలి సోకి నీలం మళ్ళీ ఏర్పడి పోగులోనే చిక్కుకొంటుంది. పూర్వం నీలం అక్కరలేని భాగాలను మైనంతో కప్పి బట్టను ముంచేవారు.

ఇన్ని మెట్లు గడచి బట్ట పూర్తి కావడానికి వారాలు పడుతుంది.

చిరివేరు, బందరు రేవు

ఈ విద్య బందరుకు ఎంత పేరు తెచ్చినదో చరిత్ర చెబుతుంది. గోలకొండ సుల్తానుల కాలంలో బందరు పెద్ద రేవు. డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను అక్కడికి వచ్చారు. వారిని ఆకర్షించినవాటిలో అద్దకపు బట్టలు ముఖ్యమైనవి. ఆనాడు ఎరుపు చిరివేరు నుండి వచ్చేది. ఇది ఇసుకనేలలో పెరిగే చిన్న మొక్క. దాని వేరులో ఎలిజరిన్ ఉన్నది. కృష్ణా ముఖద్వారం దగ్గర నిజాంపట్నం ప్రాంతపు చిరివేరుకు 17వ శతాబ్దిలో మంచి పేరుండేది. సముద్రతీరపు ఇసుకలో గుల్లల సున్నం కలిసి ఉంటుంది. ఎలిజరిన్, అల్యూమినియమ్‌తోపాటు కాల్షియమ్ కూడ చేరినప్పుడే ఎరుపు మరింత చిక్కగా, గట్టిగా ఉంటుందని నేటి శాస్త్రం చెబుతున్నది. ఆ నేల మహిమను అద్దకంవారు అణువుల పేర్లు తెలియకుండానే గుర్తించారు. సామర్లకోటలో పరిశోధనలు చేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్, 1795లో వెలువడనారంభించిన తన కోరమాండల్ తీర వృక్షాల గ్రంథంలో ఈ మొక్కకు చోటిచ్చాడు.

ఉతికినా పోని ఈ రంగులను చూచి ఐరోపా ముగ్ధమైనది. అక్కడి నేతగాండ్లు, వర్తకులు బెదరిపోయారు. 1686లో ఫ్రాన్సు, 1700లోను 1721లోను ఇంగ్లండు ఈ రకపు బట్టలను నిషేధిస్తూ చట్టాలు చేసినవి. ఒకవైపు నిషేధం, మరొకవైపు రహస్యం తెలుసుకోవాలనే ఆరాటం. తెలుగు నేర్చి నిఘంటువు కూర్చిన ఫ్రెంచి మతగురువు కూర్దూ, ఈ తీరపు అద్దకంవారిని అడిగి తెలుసుకొన్న వివరాలను 1742లో ఒక లేఖగా రాసి పంపాడు. కరక్కాయ, గేదెపాలు, చిరివేరు ఆ లేఖలో కనిపిస్తవి. 1746లో మ్యూలూజ్ పట్టణంలో అద్దకపు కర్మాగారం వెలసినది. కొద్ది దశాబ్దాలలో ఐరోపావారు ఈ విద్యను యంత్రాలకు ఎక్కించారు.

తరువాత దెబ్బ రసాయనశాలనుండి తగిలింది. 1826లో ఫ్రాన్సులో మంజిష్ఠ జాతి మొక్క వేరునుండి ఎలిజరిన్‌ను వేరుచేశారు. 1868లో గ్రేబె, లీబర్మన్ అనే జర్మను శాస్త్రజ్ఞులు బొగ్గుతారులో దొరికే ఆంత్రసీన్ నుండి దానిని తయారుచేశారు. మొక్కల రంగును కృత్రిమంగా తయారుచేయడంలో ఇది మొదటి పెద్ద విజయం. కొన్ని సంవత్సరాలలోనే ఫ్రాన్సులో ఆ వేరు పండించే రైతుల పొలాలు పడిపోయినవి. మన తీరంలో చిరివేరు తవ్వేవారి బ్రతుకూ అదే దారి పట్టింది. ఇదే కాలంలో, 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన బందరును ముంచి సుమారు ముప్పదివేల మందిని పొట్టన పెట్టుకొన్నది. రేవు వైభవం ఇక తిరిగి రాలేదు. అయినా చేతివిద్య పూర్తిగా చావలేదు. పెడనలో, చుట్టుపక్కల నిలిచింది.

నేడు ఏది అసలు, ఏది నకలు?

నేడు పెడనలో పలుచోట్ల ఎరుపుకు కర్మాగారంలో తయారైన ఎలిజరిన్ వాడతారు. అయితే అది నకిలీయా? రసాయనశాస్త్రం దృష్టిలో వేరులో ఉన్న ఎలిజరిన్ అణువు, కర్మాగారపు ఎలిజరిన్ అణువు ఒకటే. భేదం ఒకటి మాత్రం ఉన్నది: వేరులో దానితోపాటు మరికొన్ని రంగు పదార్థాలు కూడ ఉంటవి, అందుచేత చాయలో కొంత తేడా వస్తుంది. కాబట్టి "మొక్కది మంచిది, రసాయనం చెడ్డది" అని గీత గీసినంతమాత్రాన సంగతి తేలదు. మొక్కలోనిదీ రసాయనమే.

అసలు తేడా పద్ధతిలో ఉన్నది. ఇప్పుడు కలంకారి బొమ్మలనే తెరమీదికి ఎక్కించి, తయారు రంగును నేరుగా బట్టపై పూసే స్క్రీన్ అద్దకం విస్తరించినది. వారాల పని గంటలలో ముగుస్తుంది, ధర తగ్గుతుంది. కొనేవాడికి రెండూ ఒకటే మాదిరి కనిపిస్తవి. అచ్చు కొట్టేవాడికి, అచ్చు చెక్కేవాడికి, కాలువలో బట్ట జాడించేవాడికి పని తగ్గుతుంది. వారితోపాటు ఏ పటిక ఎంత, ఎన్ని రోజుల ఆరుదల, ఏ నీరు మంచిది అనే తెలివి కూడ పోతుంది. ఆ తెలివి ఎక్కువగా చేతులలోనే ఉన్నది. కాగితంమీద ఉన్నది తక్కువ.

ఇందులో నీటి సమస్య కూడ కలదు. ఏ పద్ధతిలో అద్దినా మిగిలిన రంగునీటిని శుద్ధిచేయకుండా కాలువలో వదిలితే, దిగువ ఊళ్ళ చెరువులకు చేరేది ఆ నీరే. పాత పద్ధతి వాడేవారు కూడ పటికనీరు, ఇనుపనీరు విషయంలో జాగ్రత్త పడవలసిందే. అద్దకానికి పారే నీరు కావాలంటే ఆ నీటిని కాపాడడం అద్దకం బాధ్యత కూడ.

1999 నాటి భౌగోళిక సూచికల చట్టం క్రింద మచిలీపట్నం కలంకారి పేరు నమోదైనది. పేరుకు రక్షణ దొరికింది. కాని చట్టం దుకాణంలో మన పక్కన నిలబడదు. కొనేవాడికి గుర్తించే కన్ను ఉండాలి. బట్టను తిరగవేసి చూడండి. మార్డెంట్ పద్ధతిలో రంగు పోగులోపల పుట్టుతుంది కాబట్టి వెనుకవైపు కూడ బొమ్మ బాగా తెలుస్తుంది. పైపూతగా వేసిన అద్దకంలో వెనుకవైపు తరచు వెలవెల పోతుంది. చెక్క అచ్చు ఒకదాని పక్కన ఒకటి వేసిన అతుకులు, చేతి ఒత్తిడిలోని చిన్న హెచ్చుతగ్గులు కూడ సాక్ష్యం చెబుతవి. ఏ ఒక్క గుర్తూ తిరుగులేనిది కాదు; అన్నీ కలిపి చూడాలి.

తరగతిలో చేసి చూడండి

ఉపాధ్యాయులు ఈ పాఠాన్ని తక్కువ ఖర్చుతో పిల్లలచేత చేయించవచ్చు. రెండు వారాలముందు ఒక సీసాలో ఇనుప మేకులు, బెల్లం, నీరు వేసి ఉంచండి. పులిసేటప్పుడు వాయువు పుట్టుతుంది కాబట్టి మూత బిగించకుండా గుడ్డ కట్టండి. ఉతికిన తెల్ల నూలుగుడ్డ ముక్కలను కరక్కాయ నీటిలో ముంచి ఆరవేయండి. ఒక ముక్కమీద పుల్లతో ఇనుపనీటి గీత గీయండి. అది నల్లబడడం పిల్లలు కళ్ళారా చూస్తారు. రెండవ ముక్కమీద చిక్కని పటికనీటితో గీయండి. మూడవ ముక్కను ఖాళీగా ఉంచండి. నాలుగవ ముక్క కరక్కాయ కూడ పట్టించని వట్టి గుడ్డ.

మూడు రోజులు ఆగి అన్నింటినీ బాగా జాడించండి. మూలికల దుకాణంలో దొరికే మంజిష్ఠ పొడిని నీటిలో వేసి, ఇనుపది కాని పాత్రలో సన్నని సెగమీద అరగంట వేడిచేస్తూ నాలుగు ముక్కలనూ అందులో ఉంచండి. తీసి సబ్బుతో ఉతకండి. ఏ ముక్కలో ఏ రంగు నిలిచింది, ఏ ముక్కలో వెలిసింది, ఎందుకు అని పిల్లలచేతనే చెప్పించండి. ఈ పాత్రను మళ్ళీ వంటకు వాడవద్దు. వేడి పని పెద్దల చేతిలో ఉండాలి. ఆపై వీలుంటే పిల్లలను పెడన తీసుకొనిపోండి. తాము పుల్లతో గీసిన గీతనే అక్కడి పనివారు చెక్క అచ్చుతో ఎంత నేర్పుగా వేస్తున్నారో వారికి అప్పుడు అర్థమవుతుంది.

ఒక విద్యను మ్యూజియం అద్దాల వెనుక పెట్టి కాపాడవచ్చు. అప్పుడు బట్ట మిగులుతుంది కాని, పని మిగలదు. పని మిగలాలంటే దానిని కొనేవారు కావాలి, దానిని అర్థం చేసుకొనేవారు కావాలి. ఇందులో రెండవ పని పాఠశాలది.